నోటిమాటకు తేదీ ఉండదు: ప్రమాదకరమైన అద్దె ఇళ్లు, అద్దెదారుల మార్గాలు

(వానాకాలానికి ముందు హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన అద్దెదారుల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ముప్పై మూడు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అందులో పదకొండు సంవత్సరాలు ఇన్వర్డ్ సెక్షన్‌లో గడిచాయి. ప్రజలు తెచ్చిన ప్రతి అర్జీపై ముద్ర కొట్టి, తేదీ వేసి, నంబరు రాసి, రిజిస్టరులో ఎక్కించడం నా ఉద్యోగం. ఆ బల్ల దగ్గర నేను నేర్చుకున్న పాఠమే ఈరోజు మీకు చెప్పదలచుకున్నాను. నోటిమాటకు తేదీ ఉండదు. తేదీ లేని ఫిర్యాదు ఎంత న్యాయమైనదైనా, అవసరం వచ్చిన రోజున అది ఎవరికీ కనిపించదు.

ముందుగా మూడు దుర్ఘటనలను గుర్తుచేసుకుందాం. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత వర్షానికి బండ్లగూడ ప్రాంతంలోని మహమ్మదియా హిల్స్‌లో ఒక ప్రహరీగోడ పక్క ఇళ్లపై కూలి, నిద్రలో ఉన్నవారు ప్రాణాలు కోల్పోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములకు నిప్పంటుకుని, పై అంతస్తులలో కాపురమున్న తొమ్మిది మంది ఆ ఒక్కరోజే మరణించారు. 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలున్నారు. పైకి వెళ్లే దారి ఇరుకుగా ఉండటం వల్ల లోపలివారు బయటపడలేకపోయారు.

గోడ, కింది గోదాము, బయటికి వచ్చే దారి. ఈ మూడూ ఆ రోజున హఠాత్తుగా పుట్టుకొచ్చినవి కావు. అక్కడ నివసించేవారు రోజూ చూస్తున్నవే. మనం కూడా మన ఇళ్లలో ఇటువంటివి చూస్తూనే ఉన్నాం. చూస్తూ ఎందుకు ఊరుకుంటున్నాం?

కారణం మనందరికీ తెలుసు. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్లాలన్న భయం. పేరు వినగానే ఇల్లు లేదనే యజమానులు నగరంలో చాలామంది ఉన్నారు. తమకు ఇష్టమైన ప్రాంతంలో ఇల్లు కొనడానికి గానీ, అద్దెకు తీసుకోవడానికి గానీ ముస్లింలు పడుతున్న ఇబ్బందిని 2006లో జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ నివేదిక సైతం ప్రస్తావించింది. అందువల్ల మనవారు ఉన్న గల్లీలోనే, ఉన్న ఇంటిలోనే సర్దుకుంటారు. పైకప్పు పెచ్చులూడినా, స్విచ్చుబోర్డు తడిసినా సర్దుకుంటారు. ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. నేనూ పందొమ్మిది సంవత్సరాలు కిరాయి ఇళ్లలో ఉన్నవాడినే.

కొన్నేళ్ల క్రితం మా బస్తీలో దర్జీపని చేసే ఒక సోదరుడు నా వద్దకు వచ్చాడు. వారు ఉంటున్నది డంగుసున్నంతో కట్టిన పాత ఇల్లు. వాన పడితే నీరు గోడ వెంట దిగి మీటరు బోర్డు మీదికి వచ్చేది. ఒకరోజు ఆ గోడకు ఆనించిన ఇనుప బీరువాను పట్టుకున్న ఎనిమిదేళ్ల పాప షాకు తగిలి అవతల పడింది. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది.

"మాలిక్‌కు ఎప్పుడు చెప్పారు భాయ్?" అని అడిగాను.

"ఎన్నోసార్లు చెప్పాను సాబ్. వానలు పోనీ, చూద్దాం అంటాడు."

"రాసి ఇచ్చారా?"

"మనవాడే కదా సాబ్. కాగితం ఇస్తే బాగుండదని ఊరుకున్నాను."

ఆయన భార్య తలుపు వెనుక నుండి అన్నది: "భాయ్‌సాబ్, ఈ ఇల్లు పోతే ఇంత తక్కువ కిరాయికి ఇంకొకటి ఎవరిస్తారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అయితే ఆ రోజే కూర్చుని ఒక ఉత్తరం రాశాము. ఏ గోడ, ఏ బోర్డు, ఏ రోజున పాపకు షాకు తగిలింది, ఎన్ని రోజులలో బాగుచేయాలని కోరుతున్నాము, అన్నీ వివరంగా రాశాము. మీరు మా పెద్దలు, మాకు మీతో గొడవ లేదు అని కూడా రాశాము. శుక్రవారం నమాజు తరువాత యజమాని కోపంగా వచ్చి, "నా మీద కేసు పెడతారా?" అని అడిగాడు. ఇది కేసు కాదు, ఉత్తరం మాత్రమేనని చెప్పాము. ఆరవ రోజున ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మీటరు బోర్డు చోటు మారింది. ఎర్తింగ్ పెట్టారు. మరుసటి సంవత్సరం యజమాని నాలుగు వందల రూపాయలు కిరాయి పెంచాడన్నది కూడా నిజమే. ఆ కుటుంబం ఆ భారం మోసింది. హక్కు అడిగితే ఖర్చేమీ ఉండదని నేను మీతో అబద్ధం చెప్పను.

నేను చేసిన ఒక తప్పును కూడా ఈ వేదికపై ఒప్పుకోవాలి. 1998లో మరొక కుటుంబం ఇటువంటి సమస్యతోనే వస్తే, "బాగుచేసేదాకా కిరాయి ఇవ్వకండి, దారికి వస్తాడు" అని సలహా ఇచ్చాను. వారు నాలుగు నెలలు ఇవ్వలేదు. యజమాని అద్దె బకాయి కింద ఖాళీ చేయించే కేసు వేశాడు. న్యాయస్థానంలో పగిలిన పైకప్పు గురించి మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. అద్దె ఇవ్వలేదన్నదానికి మాత్రం ఆయన దగ్గర లెక్క ఉన్నది. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. ఆ తరువాతనే నేను చట్టాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. కాబట్టి నా మొదటి విన్నపం ఇది: కోపంతో అద్దె ఆపవద్దు. అద్దెను బ్యాంకు ద్వారానో, ఫోన్ ద్వారానో చెల్లించి రుజువు ఉంచుకోండి. చేతికి ఇస్తే రసీదు అడగండి. రసీదు పొందడం అద్దెదారు హక్కు.

ఇక మార్గాలను వరుసగా చెబుతాను.

ముందు ప్రాణాపాయాన్ని గుర్తించాలి. సున్నం రాలడం వేరు, స్లాబు పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుప చువ్వలు బయటపడటం వేరు. గోడ ఒకవైపు ఉబ్బుతున్నా, పగులు వారం వారం వెడల్పవుతున్నా, నల్లాను తాకితే జిమ్మన్నా, బోర్డు వద్ద కాలిన వాసన వస్తున్నా ఆ గదిని ఆ క్షణమే విడిచిపెట్టాలి. విద్యుత్తు విషయమైతే మెయిన్ ఆపి 1912 నంబరుకు ఫోన్ చేయాలి. మీటరు వరకు ఉన్న తీగ విద్యుత్ సంస్థ బాధ్యత. మీటరు తరువాతి వైరింగు ఇంటివారి బాధ్యత. భూమిలోకి పోయే లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లకు చేరగానే సరఫరాను ఆపివేసే ఆర్‌సీసీబీ అనే పరికరం ఒకటున్నది. మన ఇళ్లలో చాలావాటికి అది లేదు. ఉత్తరంలో దానిని పేరు పెట్టి అడగండి.

రెండవది, ఉత్తరం. తెలుగులో రాయండి, ఉర్దూలో రాయండి, ఏ భాషలోనైనా రాయండి. లోపం ఏమిటి, ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు ఎన్నడు చెప్పారు, ఎన్ని రోజులు గడువిస్తున్నారు అన్న నాలుగు విషయాలు ఉంటే చాలు. ప్రమాదకరమైన తీగకు రెండు మూడు రోజులు, గోడకు పదిహేను రోజులు అడగడం సమంజసంగా ఉంటుంది. ఫొటోలు జతచేయండి. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి. అదే ఉత్తరాన్ని వాట్సాప్‌లో కూడా పంపండి. లావాదేవీలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే సూరతుల్ బఖరాలోని 282వ ఆయత్ దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. కాగితం అడగడం అపనమ్మకమని భావించే మన పెద్దలకు ఈ సంగతి గుర్తుచేయండి.

మూడవది, మనమే బాగుచేయించుకోవడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ యజమాని, అద్దెదారుల పరస్పర బాధ్యతలను చెబుతుంది. తనకు తెలిసి, అద్దెదారుకు తెలియని లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరువాత కూడా సమంజసమైన కాలంలో చేయకపోతే, అద్దెదారు స్వయంగా చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. "మరమ్మతులన్నీ అద్దెదారువే" అన్న వాక్యం మీద చదవకుండా సంతకం చేసినవారిని నేను చాలామందిని చూశాను. నోటీసు లేకుండా, బిల్లు లేకుండా మినహాయించుకుంటే అది బకాయిగా మారి మన మెడకే చుట్టుకుంటుంది. చిన్న పనులకే ఈ మార్గం వాడండి. వీలైతే మినహాయింపునకు యజమాని అంగీకారాన్ని రెండు వాక్యాలలో రాయించుకోండి.

నాల్గవది, నగరపాలక సంస్థ. జీహెచ్‌ఎంసీ చట్టం, 1955లోని 456వ సెక్షన్ ప్రకారం శిథిలమైన, కూలే స్థితిలో ఉన్న కట్టడాన్ని తొలగించమని గానీ, పటిష్ఠం చేయమని గానీ, మరమ్మతు చేయమని గానీ కమిషనర్ లిఖితపూర్వక నోటీసు ఇవ్వవచ్చు. ఫిర్యాదును సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి, నకలుపై ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా అంతే. నంబరు లేకుండా ఆ కార్యాలయం మెట్లు దిగవద్దు. ఇది ఆ బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడి మాట. జవాబు రాకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద అడగండి: "ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన అర్జీపై తీసుకున్న చర్య ఏమిటి? తనిఖీ చేసిన అధికారి ఎవరు?" సాధారణంగా 30 రోజులలో, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో జవాబు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది.

ఐదవది, కార్యనిర్వాహక మేజిస్ట్రేటు. ఒక కట్టడం కూలి పొరుగువారికి, దారిన పోయేవారికి హాని కలిగే స్థితిలో ఉంటే దానిని తొలగించమని, మరమ్మతు చేయమని లేదా ఆనకట్టి నిలబెట్టమని షరతులతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఉన్నది. పాత సీఆర్‌పీసీలో ఇది 133వ సెక్షన్. దీని సంగతి మన బస్తీలలో దాదాపు ఎవరికీ తెలియదు. గల్లీ వైపు ఒరిగిన గోడ విషయంలో అద్దెదారు ఒక్కడే అర్జీ పెట్టవలసిన పని లేదు. గల్లీలోని పది ఇళ్లవారు సంతకాలు చేయవచ్చు. అప్పుడు యజమాని కోపం ఒక్క ఇంటి మీద పడదు.

ఆరవది, న్యాయస్థానం. అద్దె నియంత్రణ చట్టం, 1960 కింద తెలంగాణలో రెంట్ కంట్రోలర్ ఉన్నారు. అయితే 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెలున్న భవనాలు ఆ చట్టం పరిధిలోకి రావు. అటువంటివారు సివిల్ కోర్టును ఆశ్రయించాలి. పాత కిరాయిలతో పాత ఇళ్లలో ఉంటున్న కుటుంబాలకు ఆ చట్టం ఇప్పటికీ ఆధారమే. యజమాని కక్షతో నీళ్లు, కరెంటు ఆపివేయడాన్ని అది నిషేధిస్తుంది. అద్దె తీసుకోవడానికి నిరాకరిస్తే ముందుగా బ్యాంకు ఖాతా తెలపమని నోటీసు ఇవ్వడం, చివరకు రెంట్ కంట్రోలర్ వద్ద జమ చేయడం వంటి మార్గాలను చూపుతుంది. మరమ్మతు కోసం ఖాళీ చేయించిన యజమాని, పని పూర్తయ్యాక అదే అద్దెదారుకు ఇవ్వజూపుతానని హామీ ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి "మున్సిపాలిటీ నోటీసు వచ్చింది, రేపే పొండి" అన్న మాటకు బెదిరి శాశ్వతంగా తాళంచెవులు అప్పగించవద్దు. ప్రాణరక్షణ కోసం మనుషులను వెంటనే తరలించండి. మీ అద్దె హక్కును వదులుకున్నట్టు రాసిన ఏ కాగితం మీదా సంతకం చేయకండి.

బలవంతంగా సామాను బయట పడవేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 6వ సెక్షన్ కింద ఆరు నెలలలోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. వకీలుకు ఇవ్వడానికి డబ్బు ఎక్కడిదని మీరు అడుగుతారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి. అందువల్ల అద్దె ఒప్పందంలో ఇంటి ఆడపడుచుల పేరును కూడా చేర్చమని సలహా ఇస్తున్నాను. మన ఇళ్లలో పగలంతా ఆ పైకప్పు కింద ఉండేది వారే.

నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. కాని ఆ సెక్షన్ వాడవలసిన రోజు ఎవరికీ రాకూడదనే మనం ఇక్కడ కూర్చున్నాము.

ఇక యజమానుల వైపు ఒక మాట. ఈ సభలో ఇళ్లు అద్దెకిచ్చినవారు కూడా ఉన్నారు. పాతబస్తీలో మన అద్దెదారుల యజమానులు చాలామంది మనవారే. వారిలో రెండు గదుల కిరాయి మీద బతికే వితంతువులున్నారు. వారసుల మధ్య పంపకం తేలక ఇంటిని ఎవరూ పట్టించుకోని కుటుంబాలున్నాయి. వారందరినీ దుర్మార్గులనడం న్యాయం కాదు. డబ్బు లేని యజమాని అయితే, మరమ్మతు ఖర్చును అద్దెదారు ముందుగా భరించి, నెలకు ఇంత చొప్పున కిరాయిలో తగ్గించుకునే ఏర్పాటును రాసుకోవచ్చు. మా బస్తీలో రెండు ఇళ్లు ఇలాగే బాగుపడ్డాయి. కిరాయికిచ్చిన ఇంటిని నివాసయోగ్యంగా ఉంచడం యజమాని బాధ్యత అని, ఆయన చేయకపోతే అద్దెదారు ఒప్పందం నుండి తప్పుకోవచ్చని మన ఫిఖ్‌హ్ గ్రంథాలు కూడా చెబుతున్నాయి. కింద మడిగలో ఏ సరుకు నింపుతున్నారో చూడకుండా, పైన కుటుంబాలకు కిరాయికిచ్చే యజమాని ఎవరైనా సరే, మసీదులో మొదటి వరుసలో నిలబడేవాడైనా సరే, ఆయనకు బజార్‌ఘాట్‌ను గుర్తుచేయడం మన విధి.

యజమాని స్థానంలో ముతవల్లీ గానీ, వక్ఫ్ కమిటీ గానీ ఉంటే నాంపల్లి హజ్ హౌస్‌లోని రాష్ట్ర వక్ఫ్ బోర్డుకు అర్జీ పెట్టండి. బోర్డు ఆదేశాలను పాటించడం, ఆస్తుల తనిఖీకి సహకరించడం వక్ఫ్ చట్టం ముతవల్లీపై ఉంచిన విధులు. వక్ఫ్ ఆస్తిని కాపాడాలని ఊరేగింపులు చేసే మనం, ఆ ఆస్తి పైకప్పు కింద ఉన్న మనుషులను మరచిపోకూడదు.

చివరగా, ఒక పని అప్పగించి ముగిస్తాను. వానలు రావడానికి ఇంకా కొన్ని వారాల సమయమున్నది. ప్రతి గల్లీ నుండి ఇద్దరు చదువుకున్న యువతీ యువకులు ముందుకు రండి. ఇంటింటికీ వెళ్లి గోడలను, బోర్డులను, మెట్లను చూడండి. కిటికీలకు తాళం వేసిన ఇనుప జాలీలుంటే తాళంచెవి ఎక్కడ ఉంటుందో ఇంటిల్లిపాదికీ తెలిసేలా చేయండి. రాయలేనివారికి ఉత్తరం రాసి పెట్టండి. ఒక మామూలు నోటుబుక్కులో ఇంటి నంబరు, లోపం, ఉత్తరం పంపిన తేదీ, జవాబు వచ్చిన తేదీ అని నాలుగు గడులు గీయండి. మా ఇన్వర్డ్ రిజిస్టరు కూడా అంతకంటే గొప్పదేమీ కాదు.

ఆదివారాలు అసర్ నమాజు తరువాత నేను మా ఇంటి అరుగు మీదనే ఉంటాను. వచ్చేటప్పుడు అద్దె ఒప్పందం, ఆఖరి మూడు నెలల రసీదులు, కరెంటు బిల్లు వెంట తెచ్చుకోండి. ఒప్పందం లేకపోయినా రండి. కాగితం అక్కడి నుండే మొదలుపెడదాము.

వస్సలామ్.